పదహారు గేజీ డోరు

ప్రొద్దుటూరులో ఎవరైనా పరాయి దేశంలో స్థిరపడ్డారంటే ఊరికి దాని వెనక ఒక కథ కావాలి. శుభాకర్ విషయంలో ఊరు చెప్పుకునే కథ ఇది: జమ్మలమడుగు రోడ్డులో బండ్లకు డోర్లు కట్టే షెడ్డులో పని నేర్చుకున్నాడు, ఫ్యాక్షన్ రోజుల్లో ఒక నాయకుడి ప్రాణం నిలబెట్టిన రేకు బిగించాడు, ఆ చేతిపని తెలిసి ఆస్ట్రేలియా వాళ్లు పిలిచి పెట్టుకున్నారు. ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. శుభాకర్‌కు చిక్కంతా అక్కడే వచ్చింది. అబద్ధమైతే కాదని చెప్పి ఊరుకునేవాడు. నిజమే గాని సగమే కాబట్టి ఎవరు మెచ్చుకున్నా తల వంచుకుని వింటూ వచ్చాడు. ఊరేమో దాన్ని వినయం అనుకుంది.

అతనిది పెద్దముడియం దగ్గర పల్లె. తండ్రి ఆనందయ్య మిషన్ బడిలో అయ్యవారు. తాతల కాలంలోనే మిషన్‌లో చేరిన కుటుంబం కాబట్టి ఆ ఇంట్లో చదువు మీద పట్టుదల ఎక్కువ. ఆ పట్టుదల ఆనందయ్య దాకా వచ్చి ఆగిపోయింది, కొడుక్కి అంటలేదు. పదో తరగతి రెండుసార్లు తప్పాక, "నీ తలకాయకు ఎక్కనిది చేతులకన్నా ఎక్కుతాదేమో చూద్దాం పా" అని ప్రొద్దుటూరు తీసుకొచ్చి ఇనాయతుల్లా మేస్త్రీకి అప్పజెప్పాడు. ఆనందయ్య తన జీవితంలో ఇంత కచ్చితంగా ఇంకే అంచనా వేయలేదు. ఇరవై నాలుగేళ్లు వచ్చేసరికి శుభాకర్ మేస్త్రీకి కుడిచెయ్యి.

ఇనాయతుల్లాకు చదువు రాదు. ఉర్దూలో సంతకం మాత్రం అందంగా చేస్తాడు. అంతకన్నా అందంగా డోరు కడతాడు. డోరు పడేటప్పుడు కళ్లు మూసుకుని వినేవాడు. "డోరు ఒక్క మాట పలకల్ల. రెండు మాట్లు పలికిందంటే అది డోరు కాదు, గయ్యాళి" అని విప్పించి మళ్లీ వేయించేవాడు. శుభాకర్‌ను కొట్టలేదు, తిట్టలేదు. పని బాగుంటే ఇంటి నుంచి వచ్చిన టిఫిను డబ్బా మూతలో సగం పెట్టి అతని ముందుకు తోసేవాడు.

ఈ కథకు ఒక సంగతి తెలిసి ఉండాలి. రేకు మందానికి గేజీ అని ఒక లెక్క ఉంది. అది తలకిందుల లెక్క. నంబరు పెరిగేకొద్దీ రేకు సన్నబడుతుంది. పది గేజీ రేకు వంచాలంటే ఇద్దరు మనుషులు పళ్లు బిగించాలి. పదహారు గేజీ రేకును ఒక్కడే మోకాలు ఆనించి వంచేస్తాడు. షెడ్డులో కొత్తగా చేరిన ప్రతివాడూ మొదటి వారం ఇందులో బోల్తా పడతాడు. బయటివాళ్లయితే జీవితాంతం పడుతూనే ఉంటారు.

తొంభైతొమ్మిది ఎన్నికల ముందు షెడ్డుకు కొత్తరకం పని రావడం మొదలైంది. సుమోల డోర్ల లోపలి రెగ్జిన్ ఊడదీసి, పది గేజీ రేకు బిగించి, మళ్లీ రెగ్జిన్ కప్పేయాలి. పైకి చూస్తే మామూలు బండే. ఎందుకని ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. ఏ పార్టీ బండి వచ్చినా మేస్త్రీ ఒకే రేకు వేసేవాడు. "బాంబుకు పార్టీ తెల్దు, రేకుకు యాల తెలియల్ల?" అనేవాడు.

అలా వచ్చినవాటిలో జమ్మలమడుగు వైపు నాయకుడి బండి ఒకటి. ఆయన చుట్టుపక్కల అందరికీ అన్న; ఆయనకన్నా పదేళ్లు పెద్దవాళ్లకు కూడా అన్నే. ఆ బండి డ్రైవరు ఇక్బాల్, మేస్త్రీ అల్లుడు. ఇంటర్ పాసై, ఇంగ్లీషు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసేవాడు. ఉద్యోగం మాత్రం స్టీరింగు ముందే దొరికింది. మేస్త్రీ కూతురు ఖదీజాతో పెళ్లయి అప్పటికి ఏడాది. శుభాకర్‌కు, అతనికి మంచి స్నేహం.

ఆ శనివారం మేస్త్రీ ఇంటిల్లిపాదితో కడప దర్గా ఉరుసుకు వెళ్లాడు. బండి పని శుభాకర్ మీద పెట్టి పోయాడు. మధ్యాహ్నానికి అన్న కూర్చునే ముందు డోరు, వెనక రెండు డోర్లు, బండి వెనక తలుపు అయిపోయాయి. మిగిలింది డ్రైవరు డోరు. చూస్తే పది గేజీ రేకు నిండుకుంది. ఎదురుగా అన్న నమ్మినబంటు ఈశ్వరయ్య కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మరుసటి రోజు పొద్దున్నే అన్న పులివెందులలో పెళ్లికి పోవాలి. అదే పొద్దున శుభాకర్‌కు పల్లెలో పెళ్లిచూపులు. పిల్ల పేరు రత్నమణి. చర్చిలో పాటలు పాడుతుంటే చాటుగా రెండేళ్లుగా చూస్తున్న పిల్లే. పెద్దముడియం వైపు బస్సు అయిదున్నరకు, తర్వాత ఇంక లేదు.

"పది గేజీ అయిపాయనన్నా. సోమవారం కడప నుంచి వస్తాది" అన్నాడు శుభాకర్.

ఈశ్వరయ్య గోడకు ఆనించిన రేకుల మీద సుద్దతో రాసిన అంకె చదివాడు. "ఆడుండాదే పదహారు! పది లేకుంటే పదహారు వేయి. అది ఇంకా పెద్దదే గదా. అన్న బండికి చిన్న నంబరు వేసి పెద్ద నంబరు దాచిపెడ్తాండారా మీరు?"

అక్కడున్న నలుగురూ నవ్వారు. శుభాకర్ నోరు తెరిచాడు. చెప్పాల్సింది ఒకే ఒక్క మాట: అది సన్నదన్నా. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. నలుగురిలో తప్పు ఎత్తిచూపితే ఈశ్వరయ్య మండిపడతాడని ఒక భయం. అయిదున్నర బస్సు తప్పుతుందని ఒక తొందర. మూడోది కూడా ఒకటి తలలో మెదిలింది. దాన్ని తనలో తాను ఒప్పుకోవడానికి అతనికి చాలా ఏళ్లు పట్టింది. కొట్టేవాళ్లు అన్నను కొడతారు గాని డ్రైవరును ఎవరు కొడతారు? అనుకున్నాడు. ఆ డ్రైవరు నాలుగడుగుల దూరంలో బానెట్టు మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"సరేనన్నా" అన్నాడు శుభాకర్.

గంటలో బిగించేశాడు. ఇక్బాల్ దిగి వచ్చి డోర్లన్నీ వేసి చూశాడు. మిగతావి రెండు చేతులతో తోస్తే గాని పడలేదు. తన డోరు మాత్రం వేలితో తోస్తే టక్కున పడింది. అతని ముఖం వెలిగిపోయింది.

"నా డోరు ఎంత లైటుగా పడ్తాందో చూడప్పా! ఏం చేసినావు?"

"నీకోసం స్పెషల్" అన్నాడు శుభాకర్, చేతులు తుడుచుకుంటూ. అని బస్సుకు పరుగెత్తాడు.

రేకు మార్చినందుకైనా దేవుడు క్షమిస్తాడేమో గాని ఆ మాటను ఎలా క్షమిస్తాడని శుభాకర్ తర్వాత ఎన్నోసార్లు అనుకున్నాడు. ఎవరూ అడక్కుండా, ఏ అవసరమూ లేకుండా, నవ్వుతూ అన్న మాట అది.

ఆదివారం పులివెందులలో పెళ్లిభోజనం చేసి తిరిగొస్తున్న బండిని, జమ్మలమడుగు ఇంకా రెండు మైళ్లు ఉందనగా కల్వర్టు దగ్గర కొట్టారు. మొదటి బాంబు అన్న వైపు పడింది. రేకు సొట్టపోయింది గాని చిరగలేదు. రెండోది డ్రైవరు వైపు పడింది. ఇక్బాల్ కుడికాలు మోకాలి కింద నుజ్జయిపోయింది. అతను ఎడమకాలితో యాక్సిలరేటరు తొక్కుతూ ఆసుపత్రి దాకా బండి నడిపి, గేటు లోపల ఆపి, అప్పుడు స్పృహ తప్పాడు. ఆ సమయానికి శుభాకర్ రత్నమణి వాళ్లింట్లో, కాబోయే అత్తగారు కొసరి వడ్డిస్తుంటే చాలు చాలంటూ అన్నం తింటున్నాడు.

న్యాయంగా చూస్తే అన్నను బతికించింది ఇక్బాల్ ఎడమకాలు. కానీ కాలికి ఎవరూ శాలువా కప్పరు. "నీ రేకేరా నన్ను నిలబెట్టింది" అని అన్న జమ్మలమడుగులో మీటింగు పెట్టి పదిమందిలో శుభాకర్‌కు శాలువా కప్పాడు. పల్లె చర్చిలో పాస్టరుగారు అతని చేతిపని కోసం దేవునికి స్తోత్రం చెల్లించారు. మనసులో తప్పు దాచుకున్నవాడు ప్రభు భోజనపు రొట్టె, ద్రాక్షరసం ముట్టకూడదంటారు. ఆ నెల మొదటి ఆదివారం ప్రభు భోజనానికి అందరూ లేచి ముందుకు నడిచినప్పుడు శుభాకర్ కాలు తిమ్మిరెక్కిందన్నట్టు వంగి కూర్చుండిపోయాడు. తర్వాతి నెలా అంతే. పెళ్లయ్యాక రత్నమణి అడిగితే, "నాకింకా యోగ్యత రాలేదులే" అన్నాడు. ఆమెకు భర్త మీద గౌరవం ఇంకాస్త పెరిగింది.

బాంబులు పడిన వారంలోనే శుభాకర్ ఆసుపత్రికి పోయాడు. మంచం పక్కన మేస్త్రీ కూర్చుని వచ్చినవాళ్లందరికీ చెబుతున్నాడు. "నా శుభాకరు పది గేజీ వేసినాడప్పా. పది గేజీనే చీల్చిందంటే అది ఎట్లాంటి బాంబో చూడు." ఇక్బాల్ కళ్లు మూసుకుని వింటున్నాడు. అప్పటికే కాలు తీసేశారు. శుభాకర్ తెచ్చిన బత్తాయిలు మంచం కింద పెట్టి, పనుందని బయటికొచ్చేశాడు.

కోలుకున్నాక ఇక్బాల్ షెడ్డులోనే స్టూలు మీద కూర్చుని రాతపని చూసుకోవడం మొదలుపెట్టాడు. సిమెంటు నేల మీద చంకకర్ర టక్కుమని పడినప్పుడల్లా శుభాకర్ చేతిలో వెల్డింగు గీత వంకరపోయేది. రేపు చెబుదామనుకునేవాడు. రేపు వచ్చేది, పోయేది. ఏడాది తిరక్కుండా కువైటు పోయాడు. అందరూ దుడ్ల కోసమే అనుకున్నారు.

ఈలోపు కేసు నడిచింది. ఇక్బాల్ వాయిదాలకు తిరిగాడు. అయిదారేళ్లకు అన్న పార్టీ మారాడు. కొట్టించినవాడు కూడా అదే పార్టీలో ఉన్నాడు. ఇద్దరూ ఒకే దండలో తలలు దూర్చి ఫోటో దిగారు. రాజీ అయిపోయింది. ఇక్బాల్ కాలు ఒక్కటే ఏ పార్టీలోనూ చేరకుండా మిగిలిపోయింది.

ఎనిమిదేళ్లు కువైటులో బండ్ల డోర్లే కట్టాక శుభాకర్‌కు ఆస్ట్రేలియా సంగతి తెలిసింది. అక్కడ చేతిపనివాళ్లు కరువయ్యారట. ఏ ఏ పనులకు మనుషులు దొరకడం లేదో ప్రభుత్వమే జాబితా అచ్చేసింది. అందులో డాక్టర్లు, నర్సుల కింద రేకు పనివాడు కూడా ఉన్నాడు. ముందు పనికి పోవచ్చు, నిలదొక్కుకుంటే ఇంటిల్లిపాదీ శాశ్వతంగా ఉండిపోవచ్చు. రత్నమణి మనసంతా దాని మీద పెట్టుకుంది. ఇద్దరు ఆడపిల్లలు, తండ్రిని ఏడాదికి నెల రోజులు చూస్తూ పెరుగుతున్నారు. "పిల్లోల్లకు నువ్వు చుట్టానివైపోయినావు. ఇదొక్కటి చేయి, ఇంకేమీ అడగను" అంది.

పని ఎక్కడ నేర్చుకున్నాడో, ఎన్నేళ్లు చేశాడో మొదటి మేస్త్రీ చేత రాయించి తేవాలని కడప ఏజెంటు చెప్పాడు. అంటే ఇనాయతుల్లా సంతకం కావాలి. ఇనాయతుల్లా తరఫున ఇంగ్లీషులో రాసేది ఇక్బాల్.

బస్సులో ప్రొద్దుటూరు వస్తూ శుభాకర్ ఒకటే తర్కించుకున్నాడు. ముందు చెప్పి తర్వాత కాగితం అడగడమా, కాగితం తీసుకున్నాక చెప్పడమా? ముందు చెబితే కాగితం రాదు, పిల్లల బతుకు పోతుంది. తీసుకున్నాక చెబితే అంత నీచం ఇంకొకటి లేదు. బస్సు దిగేసరికి ముందే చెప్పేయాలని గట్టిగా నిశ్చయించుకున్నాడు. షెడ్డు గుమ్మంలో మేస్త్రీ అతన్ని చూసి, వణుకుతున్న చేతులతో టిఫిను డబ్బా మూత తీసి సగం పెట్టి ముందుకు తోశాడు. ఆ నిశ్చయం అక్కడికి సరి.

"రాయి ఇక్బాల్. నా చేతికింద వీనంత పనోడు లేడని రాయి. మన పేరు ఆడ గూడ ఇనపడల్ల" అన్నాడు మేస్త్రీ.

ఇక్బాల్ శుభాకర్ వైపు చూసి, "రాస్తా మామా. ఉండేదుండేట్టు రాస్తా" అని చంకకర్ర తీసుకుని టైపింగు షాపుకు తనే వెళ్లాడు. నేను పోతాలే అని శుభాకర్ అంటే వినలేదు. గంటకు తిరిగొచ్చి మేస్త్రీ సంతకం పెట్టించి, కాగితం శుభాకర్ చేతికిచ్చాడు.

"చదువుకోప్పా. ఏమన్నా తప్పుంటే చెప్పు."

శుభాకర్‌కు కువైటులో నేర్చిన ఇంగ్లీషు చాలు, చదవగలడు. మొదటి వరుసలో నిజాయితీగల మనిషి అని ఉంది. ఆ మాట దాటి కళ్లు కిందికి దిగలేదు. "నువ్వు రాసినాక తప్పు యాడుంటాది" అని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు. ఇక్బాల్ ఆ మడతలు పెట్టడం చూస్తూ కూర్చున్నాడు. "ఇంకేమన్నా చెప్పేదుండాదా?" అని అడిగాడు. ఏమీ లేదన్నాడు శుభాకర్.

పనితనం పరీక్ష చెన్నైలో. ఆ దేశం నుంచి వచ్చిన తెల్లజుట్టు పెద్దమనిషి పొద్దంతా పక్కనే నిలబడి పని చేయించాడు. ఆయన కూడా ఒకప్పుడు షెడ్డులో చేసినవాడే, ఎడమచేతి చూపుడువేలికి ఒక కణుపు లేదు. వెల్డింగు చూశాడు, డోరు వేయించి విన్నాడు. ఒక్క మాటే పలికింది. సంతోషించాడు. చివరికి కుర్చీలో కూర్చోబెట్టి ఇక్బాల్ కాగితం విప్పాడు.

"మీ మేస్త్రీ ఒక విచిత్రమైన మాట రాశాడు" అని నవ్వుతూ ఆ వాక్యాలు ఇంగ్లీషులో చదివాడు: పది గేజీ రేకుకూ పదహారు గేజీ రేకుకూ తేడా ఇతనికి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. ఏ డోరుకు ఏది వేయాలో తెలిసే వేస్తాడు.

శుభాకర్ ఆ కాగితం వైపు మెడ చాచాడు.

"అయితే చెప్పు, రెండింట్లో మందం ఏది?" అడిగాడు పెద్దమనిషి, చిన్నపిల్లాణ్ణి అడిగినట్టు.

చెప్పకపోతే పోయేదేముంది, ఆ దేశం పోతుంది, అంతే. తెలియదంటే చాలు. తొమ్మిదేళ్ల కిందట నోట్లోంచి రాని మాట ఇప్పుడు ఎవరూ బెదిరించకుండా, ఏ బస్సూ తప్పకుండా, బయటికొచ్చేసింది. "పది" అన్నాడు. పెద్దమనిషి కాగితం మీద టిక్కు కొట్టి చెయ్యి అందించాడు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ఇక్బాల్‌కు తెలుసు. తెలిసి రాశాడు. తెలిసి, చదువుకోమని చేతికిచ్చి, ఎదురుచూశాడు. సిగ్గంటే ఏమిటో తనకు బాగా తెలుసని శుభాకర్ ఇన్నేళ్లూ అనుకున్నాడు. దాని మొదటి మెట్టు మీదే ఉన్నానని ఆ పొద్దు తెలిసింది. వెంటనే ఫోన్ చేయాలి. చేయలేదు. చేస్తే ఇక్బాల్ మనసు మారి ఇంకో కాగితం రాస్తే? ఆస్ట్రేలియా పోయి పనిలో చేరాడు, రత్నమణినీ పిల్లల్నీ పిలిపించుకున్నాడు. అప్పుడూ చేయలేదు. రెండేళ్లకు శాశ్వత నివాసం ఇస్తున్నామని ఉత్తరం వచ్చింది, ఇక ఎవరూ ఏమీ లాక్కోలేరు. అప్పుడు చేశాడు. అతని ధైర్యం ఏపాటిదో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

"ఇక్బాల్, పర్మినెంటు వచ్చిందప్పా."

"మంచిదప్పా. మామకు చెప్తా. శానా సంతోషపడ్తాడు."

"ఆ కాగితంలో నువ్వు..."

"అబద్ధం రాసినానా?"

"లేదు. ఎప్పుడు తెలిసె నీకు?"

"బండి స్టేషన్లో తుప్పు పడ్తాండె గదా. వాయిదాకు పోయినప్పుడల్లా సూస్తాంటి. ముందు నాకేం తెల్దు. షెడ్డులో కూర్చున్నాక రేకు మందం కొలిచేది నేర్చుకుంటి. ఒగ పొద్దు ఆ కొలిచే బిళ్ల జేబులో పెట్టుకోని పోయి నా డోరు కొలిచినా. లైటుగా పడ్తాందని ఎంత సంబరపడితినప్పా నేను."

శుభాకర్‌కు ఏడుపొచ్చింది. ఏడ్చాడు. అవతల ఇక్బాల్ ఆపమనలేదు, ఓదార్చలేదు, అయ్యేదాకా ఫోన్ పట్టుకుని ఉన్నాడు.

"మరి కాగితం యాల ఇచ్చినావు?"

"మామ అడిగినాడు గాబట్టి. నీ పని తప్పంటే ఆయన నేర్పింది తప్పైతాది. ఈ వయసులో ఆయన తట్టుకోలేడు. ఆయనకింకా పది గేజీనే."

"నేనొస్తా ఇక్బాల్. వచ్చి మామ ముందర ఒప్పుకుంటా. నీ కాళ్లు..." అని నాలుక కరుచుకున్నాడు.

"కాళ్లు లేవు, ఒగటే ఉండాది" అన్నాడు ఇక్బాల్. గొంతులో కోపం లేదు. "చెప్పాలనుంటే ఆ పొద్దు చెప్తావేమో అని సూసినా. నువ్వు మడిచి జేబులో పెట్టుకుంటివి. ఇప్పుడొచ్చి చెప్తే నీ బరువు దిగి మామ నెత్తినెక్కుతాది. వద్దు. నువ్వు ఆడనే ఉండుప్పా. ఈడికి రావొద్దు."

శుభాకర్ ఫోన్ పెట్టేశాడు. బల్ల మీద సర్కారు ఉత్తరం ఉంది. ఎన్నాళ్లయినా ఉండొచ్చని అందులో రాశారు. రత్నమణి పాయసం గిన్నె తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. అతని కళ్లు ఎర్రగా ఉండడం చూసి, సంతోషంతో ఏడ్చాడనుకుంది.

"ఏమన్నాడు ఇక్బాలు?"

"ఈడనే ఉండమన్నాడు."

"ఎంత మంచి మనసో ఆయప్పది" అంది రత్నమణి. "వచ్చే ఆదివారం ప్రభు భోజనం ఉండాది. ఇప్పుడన్నా లేసి పోతావా?"

శుభాకర్ తల అడ్డంగా ఊపాడు.